పలకయా, ల్యాపుటాపా?

(వార్షిక మహాసభలో విద్యాగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



ల్యాపుటాపునకు మారుగా టాబ్లెట్టునే ప్రధానమగు కంప్యూటరుగా వాడుకొనవచ్చునా యను విషయమునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇంతటి మహాసభలో నిది మిక్కిలి చిన్న విషయముగా తోచవచ్చును. కాని దీనితో మన నిధిలోని ధనమును, మన బిడ్డల చదువును ముడివడియున్నవి. అంతియకాదు, ఇందు మా తప్పొకటి కలదు. దానిని ముందుగా నొప్పుకొని పిదప విషయములోనికి పోవుదుము.

రెండేండ్లక్రిందట కళాశాల విద్యార్థులకు విద్యానిధినుండి కంప్యూటరు సాధనము లియ్యవలయునని ప్రస్తావము వచ్చినప్పుడు, ల్యాపుటాపులు వలదు, టాబ్లెట్టులు చాలునని వాదించినవారము మేమే. ఒక ల్యాపుటాపు వెలకు రెండు టాబ్లెట్టులు వచ్చును. కావున పదిమందికి చేయు సాయము నిరువదిమందికి చేయవచ్చునని లెక్క చూపితిమి. మేము జీవితమంతయు లెక్కలు వ్రాసి బ్రదికినవారము గనుక సభవారు మా లెక్కను నమ్మిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2022 డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో నారంభించి, ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి బాలబాలికలకు టాబ్లెట్టులు పంచిన సంగతియు మా వాదమునకు బలమైనది. ప్రభుత్వమువా రిచ్చినది మన మిచ్చిన తప్పేమని యంటిమి. వారు పంచినవి పాఠములు నింపి, చూచి నేర్చుకొనుటకై పంచినవి. మన మిచ్చునది వేఱు వయస్సువారికి, వేఱు పనికి. ఈ భేదము మాకు నాడు తోపలేదు. ఇరువది టాబ్లెట్టులు పంచితిమి. ఛాయాచిత్రములును తీయించుకొంటిమి.

ఆఱునెలలు గడచిన పిమ్మట ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్న యొక బాలిక తండ్రితోగూడ మా యింటికి వచ్చెను. తండ్రి నేటికిని గుంటమగ్గముమీద నేయుచున్నవాడు. ఆమె ఫిర్యాదు చేయుటకు రాలేదు. టాబ్లెట్టును తిరిగి యిచ్చుటకు వచ్చెను. "తాతగారూ, ఇది మంచిదే. పాఠములు వినుటకు బాగుగనే యున్నది. కాని మా కళాశాలలో చేయించు ప్రోగ్రాములు దీనిమీద నడువవు. రోజును స్నేహితురాలి ల్యాపుటాపు ఖాళీయగువఱకు రాత్రివేళ కనిపెట్టుకొని యుండుచున్నాను. దీనిని చదువుకొను మఱియొకరి కిండు, వారికి పనికివచ్చును" అని బల్లమీద పెట్టెను. తండ్రి మాత్రము, "దాతల సొమ్ముగదా, ఊరక పెట్టెలో పడియుండరాదని తెచ్చితిమండి" అనెను. వారు మమ్మొక మాటయైన ననలేదు. అందువలననే మా కా రాత్రి నిద్రపట్టలేదు.

మఱునాడు మా ల్యాపుటాపును బీరువాలో పెట్టి తాళము వేసి, ఆఱునెలలపాటు సమస్తకార్యములును ఆ టాబ్లెట్టుమీదనే చేయ నిశ్చయించుకొంటిమి. ఇతరులకు చాలునని చెప్పినదానిని మనము వాడి చూడకుండుట న్యాయము కాదుగదా!

మొదట గుణములు చెప్పుదుము. టాబ్లెట్టు తేలికయైన వస్తువు. ఇంగ్లీషున నాపేరునకు పలకయనియే యర్థము. పలకవలెనే చేతబట్టుకొని పడకకుర్చీలో నైనను, రైలులో నైనను చదువవచ్చును. నిలువుపుటల గ్రంథములు నిలువుగనే కనబడును. అడ్డపు తెరగల ల్యాపుటాపున నీ సౌఖ్యము లేదు. ఉదయము ఛార్జి చేసినచో మా పనికి రాత్రివఱకు నిలిచెను. కరెంటు పోయినను పని యాగలేదు. మా టాబ్లెట్టున సిమ్ముకార్డు వేసికొను వీలుండుటచే ఇంటికి వేఱుగా ఇంటర్నెట్టు పెట్టించుకొన నక్కఱలేకపోయెను. విరాళముల రసీదులను దాని కెమెరాతోనే తీసి భద్రపఱచితిమి. అన్నిటికంటె మాకు నచ్చిన దేమనగా, తెలుగున నోటితో చెప్పినచో నది వ్రాసికొనును. నడుమ తప్పులు దిద్దుకొనవలసియే యున్నను, టైపు సరిగా నేర్వని మావంటి వృద్ధులకు సగము శ్రమ తప్పినది.

ఇక దోషములు. సంఘపు జమాఖర్చులు టాలీలో నున్నవి. టాలీ విండోస్ యంత్రములకై నిర్మింపబడినది. దానిని మా టాబ్లెట్టున స్థాపించుకొన వీలులేకపోయెను. పోనిమ్మని లెక్కలను పట్టికలుగా వ్రాయబూనితిమి. ముప్పది వరుసల పట్టికలో వ్రేలు పెట్టిన గడి యొకటి, తెఱచుకొన్నది వేఱొకటి. ఒకవంక బ్యాంకుపద్దును, ఒకవంక మన చిట్టాను పెట్టి సరిచూచుటకు పది యంగుళముల తెర చాలలేదు. గంటలో ముగియు పనికి పూటయంతయు పట్టెను. మన తెలుగునాట ముద్రణకు పుటలు కూర్చువారు నేటికిని పెక్కుచోట్ల అను ఫాంటులతో పేజిమేకరునందు పని చేయుచున్నారు. వారు పంపిన పుటల ఫైలును దిద్దుటకు కాదుగదా, తెఱచుటకైన శక్యము కాలేదు. ఒక విద్యార్థి పక్షమున ఉపకారవేతనపు దరఖాస్తు నింపగా, చివరిపుటలో సమర్పించు మీట తెరకు వెలుపల దాగి యెంతకును కనబడలేదు. ఆ రాత్రియే గడువు ముగియనుండుటచే పొరుగువారి ల్యాపుటాపు నెరవు తెచ్చి పని ముగించితిమి. ఇక నాలుగుపుటలు టైపు చేయవలసినచో వేఱుగా కీబోర్డు కొనవలయును, నిలబెట్టుటకు తొడుగు కొనవలయును. ఇవి కొన్న పిమ్మట, టాబ్లెట్టు ల్యాపుటాపులో సగము వెలయను మా పూర్వపు లెక్క నిలువలేదు.

ఈ లోపములకు కారణమేమని విచారించితిమి. టాబ్లెట్టులలో పెక్కు ఫోనుల వంశమునకు చెందినవి. 2010 ఏప్రిలున అమ్మకమునకు వచ్చిన ఐప్యాడు, 2019వఱకు ఐఫోనును నడుపు వ్యవస్థతోనే నడచినది. ఆ యేట దానికి ఐప్యాడ్ ఓఎస్ అని వేఱుపేరు పెట్టిరి. 2020లో ట్రాక్‌ప్యాడునకు చోటిచ్చిరి. 2025లో వచ్చిన కూర్పున, ల్యాపుటాపునందువలె కిటికీలను కోరిన పరిమాణమునకు మార్చుకొను వీలు కల్పించిరి. శాంసంగువారి కొన్ని టాబ్లెట్టులందును డెక్స్ అను పేర నిట్టి యేర్పాటు కలదు. అనగా పలక క్రమముగా ల్యాపుటాపువంక నడచుచునే యున్నది. అయినను నొక్కవిషయము గమనింపుడు. ఐప్యాడునకు వలయు యాప్పులను తయారుచేయు ఎక్స్‌కోడ్ అను సాధనము మాక్ కంప్యూటరుమీద నడచునేగాని ఐప్యాడుమీద నడువదు. ఆండ్రాయిడు యాప్పులను తయారుచేయు ఆండ్రాయిడ్ స్టూడియో విండోస్, మాక్, లినక్స్ యంత్రములకై యేర్పడినది. టాబ్లెట్టున మనము చూచు సరకులో నధికభాగము ల్యాపుటాపులమీదనే తయారగుచున్నది. బట్ట కట్టుకొనుటకు మగ్గ మక్కఱలేదు; నేయుటకు మగ్గము కావలయును. ఈ సభలో నింతకంటె విప్పి చెప్పనక్కఱలేదు.

దూరముననున్న యంత్రముమీద ఇంటర్నెట్టుద్వారా ప్రోగ్రాములు నడుపుకొనవచ్చునుగదా యని కొందఱు మిత్రు లనిరి. సత్యమే, గూగుల్ కొలాబు వంటి సదుపాయములు కలవు. కాని వానికి ఎడతెగని ఇంటర్నెట్టు కావలయును. కళాశాలలో చెప్పు పనులన్నియు వానితో తీరవు.

మగ్గపు మాట వచ్చినది గనుక మఱియొక సంగతి మనవి చేయుదుము. కంప్యూటరు మనకు పరాయిది కాదు. ఫ్రాన్సు దేశమున జకార్డు అను నాతడు 1804లో, రంధ్రములు పొడిచిన యట్టలచేత పడుగునూలును ఎత్తుచు దించుచు పువ్వులు నేయించు సాధనమును రూపొందించెను. మన ధర్మవరము మొదలగు పట్టుచీరల మగ్గములపై మన మెఱిగిన జకార్డు ఇదియే. ఇంగ్లండున చార్లెస్ బాబేజి యను గణితవేత్త తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞ లిచ్చుటకై యా యట్టల పద్ధతినే గ్రహించెను. కంప్యూటరు ఆ వంశమునుండి వచ్చినది. మగ్గమునకు మనుమరాలనినను తప్పులేదు. ఇక టాబ్లెట్టునకును ఒక పూర్వకథ కలదు. 1972లో అమెరికాయందు ఆలన్ కే యను శాస్త్రజ్ఞుడు పిల్లలకొఱకు పుస్తకమంత కంప్యూటరు నూహించి, దానికి డైనాబుక్కని పేరిడి యొక వ్యాసము వ్రాసెను. ఆ యూహలో తెరతోపాటు కీబోర్డును కలదు. పిల్లలు దానిమీద చదువుటయేగాక తామే ప్రోగ్రాములు వ్రాయవలయునని యాతని యాశయము. మొదటి కల చేయువానికొఱకు. అంగడికి వచ్చిన వస్తువు హెచ్చుగా చూచువానికొఱకు.

కావున టాబ్లెట్టు చాలునా యన్న ప్రశ్న కొకే యుత్తరము లేదు. ఎవరికి, ఏ పనికి అని ముందుగా నడుగవలయును. పోటీపరీక్షలకు చదువుకొనువారికి, వినుట, చదువుట, గుఱుతులు వ్రాసికొనుట ప్రధానము గనుక టాబ్లెట్టు చాలును. పెక్కుమందికి ల్యాపుటాపుకంటె మేలు కూడను. మన మిచ్చిన ఇరువదింటిలో నర్సింగు చదువు నొక బాలికయు, గ్రూపుపరీక్షలకు పూనుకొన్న యిద్దఱు యువకులును తమకది యెంతో యుపకరించినదని వ్రాసిరి. ఇంజనీరింగు, కామర్సు, డిజైను చదువువారికి ల్యాపుటాపు లేక జరుగదు. జకార్డు నమూనాలను సైతము నేడు కంప్యూటరుమీద గీచి యట్టలు పొడిపించుచున్నారుగదా. ప్రవేశపరీక్షలకు పోవువా రొక విషయము మఱువరాదు. ఈఏపీసెట్టు (పూర్వపు ఎంసెట్టు) మొదలగు పరీక్షలు కొన్నేండ్లుగా కంప్యూటరుల యెదుటనే జరుగుచున్నవి; అచ్చట చేతికి వచ్చునది మౌసు. టాబ్లెట్టు తప్ప వేఱెఱుగని పిల్లవాడు పరీక్షాదినముననే మౌసును మొదటిసారి పట్టుకొనరాదు.

ఇప్పుడు దాతల ముందర మూడు మనవులు. మొదటిది, సాధనము కొనకముందు విద్యార్థి నడుగుడు. నీవే పని చేయుదువు, నీ కేది కావలయునని ఒక కాగితముమీద వ్రాయించుకొనుడు. ఇరువదిమంది నడిగియుండినచో నాడు మాకు తప్పు జరిగియుండదు. రెండవది, మన వసతిగృహమున నాలుగు ల్యాపుటాపులను ఉమ్మడిగా నుంచుడు. టాబ్లెట్టు గలవారికి వారమున రెండుమూడు గంటల ల్యాపుటాపు పని తగులును. దానికి ప్రతివారికి నొకటి కొననక్కఱలేదు. మూడవది, హైదరాబాదు, బెంగుళూరులలోను, అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్న మన యువకులకు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు కంపెనీవా రిచ్చు సాధారణ సంరక్షణ ముగిసినది. పదునొకండవ కూర్పునకు మార్చుకొన వీలులేని ల్యాపుటాపు లనేకము మీ యిండ్లలో ఊరక పడియుండును. వానిలోని మీ స్వవిషయములను పూర్తిగా తుడిచివేసి మాకు పంపుడు. లినక్సు నెక్కించినచో నందు పెక్కు మరల పనిచేయును. ప్రోగ్రాములు నేర్చుకొనువారికి చక్కగా నుపకరించును. ఆఫీసువారి యంత్రమైనచో వారి యనుమతి పొంది మఱి యిండు.

పదిమందికి ల్యాపుటాపు లిచ్చినచో మిగిలిన పదిమంది గతి యేమని యిదే వేదికపై మేమే యడిగియుంటిమి. ఆ ప్రశ్న నేటికిని న్యాయమైనదే. నిధి పరిమితము, అడుగువారు పెక్కండ్రు. కాని పనికిరాని వస్తువు నిరువదిమందికిచ్చి యిరువదిమందికి సాయము చేసితిమని లెక్క వ్రాసికొనుట లెక్క కాదు. జమాఖర్చులు వ్రాయుటలో తల నెరసిన మాకు ఈ పాఠము నొక నేతవాని కూతురు నేర్పెను.

ఆ బాలిక మాట చెప్పి ముగింతుము. ఆఱునెలలు నిండిన పిమ్మట బీరువా తాళము తీసి మా ల్యాపుటాపును ఆమెకే యిచ్చివేసితిమి. సంఘపు లెక్కలను సహాయకార్యదర్శిగారి కప్పగించితిమి. ఇక మాకు మిగిలినవి చదువుట, ఉత్తరములు వ్రాయుట, దూరముననున్న మనుమలతో మాటలాడుట. వీనికి టాబ్లెట్టు చాలును. ఇప్పుడు మా ప్రధానమగు కంప్యూటరు అదియే. ఈ యుపన్యాసమును గూడ దానిమీదనే నోటితో చెప్పి వ్రాయించుకొంటిమి. నాడే యామెను అడిగియుండినచో, ఎవరి వస్తువు వారికి మొదటిదినముననే చేరియుండును. ఆమె పోగొట్టుకొన్న యాఱునెలల రాత్రులను మాత్రము మేము తిరిగి యియ్యజాలము.