ఊరి రిజిస్టరులో బిడ్డపేరు



సురవరం ప్రతాపరెడ్డిగారి స్మృతికి అంకితమైన ఈ యుపన్యాసమున వీధిబాలలను గూర్చియు, పంచాయతీ మునిసిపాలిటీ కార్యాలయములలోని రికార్డులను గూర్చియు ప్రసంగింపబూనుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని తెలంగాణమున కవులే లేరను మాట వినబడినపుడు రెడ్డిగారు వట్టి వాదముతో తృప్తిచెందక, ఊరూరినుండి పేర్లను, వివరములను, పద్యములను రప్పించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. లేరన్నవారికి వ్రాతపూర్వకముగా, పేరుపేరునా, ఉన్నారని చూపుట యెంతటి కార్యమో రెడ్డిగారి పాలమూరు, అనగా మహబూబ్‌నగరపు, గడ్డ ఆనాడే చూచినది. నేడా గడ్డమీదనే, దాని పొరుగుననున్న నల్లగొండ సీమలోను, ఉన్నారో లేరో యే కాగితమును చెప్పజాలని పిల్లలు కలరు. వారిని గూర్చియే నా మనవి.

వీధిబాలుడనగానే హైదరాబాదు కాచిగూడ స్టేషను ప్లాట్‌ఫారముమీద నిద్రించువాడో, కూడలిలో అద్దములు తుడుచువాడో మన కన్నులకు గట్టును. వాడు నగరమునకు చేరునప్పటికి జరుగవలసిన నష్టము సగము జరిగియే యుండును. కోస్గి, మద్దూరు, దామరగిద్ద, నారాయణపేట ప్రాంతములనుండి కూలీలను పిలుచుకొనిపోవు గుంపు మేస్త్రీయొద్ద అడ్వాన్సు పుచ్చుకొని పుణెకో ముంబయికో పోయిన తల్లిదండ్రుల వెంట, బడి విడిచి, చెల్లెలిని చంకనెత్తుకొని పోయిన నాడే వాని పేరు మన లెక్కలలో సడలిపోవుట ఆరంభమగును. అక్కడ తండ్రి పడిపోయినను, తల్లి మరియొక చోటికి పోయినను, వాడు రైలెక్కినను, వాని ఊరిలో ఆ సంగతి నమోదుచేయు చోటే లేదు.

జననమరణముల నమోదుచట్టము 1969లో వచ్చినది. దాని ప్రకారము పుట్టినచోటనే పుట్టుక నమోదు కావలయును గాని తల్లిదండ్రుల స్వగ్రామమున గాదు. అనగా పుణె శివారున ఇండ్లు కట్టుచోట రేకుల షెడ్డులో పుట్టిన పాలమూరు శిశువును ఆ రాష్ట్రపు రిజిస్ట్రారే వ్రాసికొనవలెను. ఇరువదియొక్క దినములలో తెలిపిన రుసుము లేదు. ఏడాది దాటెనా, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలయును. తట్ట మోయు తల్లి అన్యభాషా ప్రాంతమున ఆ కార్యాలయము నెట్లు వెదకును? ఈ చట్టమునకు జరిగిన సవరణ 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చి, ఆనాటినుండి పుట్టినవారికి బడి ప్రవేశము మొదలుకొని ఉద్యోగము వరకు జననపత్రమునే ఆధారముగా జేసినది. పత్రమునకు విలువ పెరిగినకొలది అది లేని బిడ్డకు కీడును పెరుగుచున్నదని మనము మఱవరాదు. రేపా బిడ్డయే బాలల సంక్షేమ సమితి యెదుట నిలిచినపుడు వయస్సు తేలకున్న, 2015 నాటి బాలన్యాయచట్టపు 94వ సెక్షను చొప్పున, బడి పత్రమును పంచాయతీ పత్రమును లేనందున, ఎముకల పరీక్షకు పంపుదురు. ఊరు వ్రాసియుంచవలసిన దానిని డాక్టరు ఎముకలలో వెదకవలసి వచ్చుచున్నది!

పంచాయతీకి ఇందుతో నేమి పనియని యడుగువారికి విద్యాహక్కుచట్టము సమాధానము చెప్పుచున్నది. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఆ చట్టపు 9వ సెక్షను, తన పరిధిలో నివసించు పదునాలుగేండ్ల లోపు బాలబాలికలందఱి రికార్డును స్థానికసంస్థ నిర్వహింపవలెనని స్పష్టముగా విధించినది. వలసకుటుంబముల బిడ్డలను బడిలో చేర్చుకొను బాధ్యతను సయితము దానిమీదనే మోపినది. ఇది దానము గాదు, దయ గాదు, విధి. ఇన్ని యేండ్లు గడచినను ఈ విధిని ఎఱిగిన సర్పంచులు ఎందఱు? అడిగిన అధికారులు ఎందఱు?

పిల్లలను గూర్చిన జాబితాలు లేవని కాదు; అవి యొకదాని నొకటి ఎఱుగవు. అంగన్‌వాడీలో ఒక పట్టిక, ఆసుపత్రిలో ఒకటి, బడిలో యూడైస్ అను విద్యార్థుల నమోదుపట్టిక ఒకటి కలవు. బడి విడిచిన బిడ్డ పేరును యూడైస్‌లో డ్రాప్‌బాక్స్ అను అరలో వేయుదురు. మరియొక బడి పిలుచుకొనువరకు ఆ పేరు అందే పడియుండును. పోలీసువారు జనవరిలో ఆపరేషన్ స్మైల్ పేర, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేర పిల్లలను రక్షించి వేఱొక జాబితా వ్రాయుదురు. 2018లో తెలంగాణ పోలీసులు ప్రవేశపెట్టిన దర్పణ్ అను సాధనము తప్పిపోయిన బాలుర ఛాయాచిత్రములను వసతిగృహములలోని వారి ముఖములతో పోల్చి చూచును. మెచ్చదగిన పనియే, కాని బిడ్డ తప్పిపోయెనని ఠాణాకు పోయి చెప్పిన తల్లి యున్నప్పుడే అది ఫలించును. ఠాణా గడప త్రొక్కుటకు జంకు తల్లి బిడ్డను ఏ దర్పణము చూపగలదు? డ్రాప్‌బాక్స్‌లోని పేరును, స్టేషనులో దొరికిన పిల్లవానిని కలుపు చేయి ఊరిలోనే యుండవలెను.

ఈ లోపము వలని ఫలమును నల్లగొండ యెఱుగును. దేవరకొండ ప్రాంతపు లంబాడ తండాలనుండి ఆడుశిశువులను కొని దత్తతపేర తరలించిన వ్యవహారము 1999లోను, మరల 2001లోను బయటపడి దేశమంతట గగ్గోలు పుట్టించినది. దారిద్ర్యమును, ఆడుబిడ్డయనిన వైముఖ్యమును దానికి మూలములే యగును. అయినను పుట్టినట్లు వ్రాత లేని శిశువు ఊరు దాటిపోయినపుడు పోయినట్లును వ్రాత యుండదు. ఆనాడు తండా, కాగితములమీద, మరియొక గ్రామమునకు శివారు మాత్రమే. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో ఐదువందల జనాభా గల తండాలు స్వయముగా పంచాయతీలై, వానికి కార్యదర్శులును వచ్చిరి. తన తండా పేరు మాత్రమే చెప్పగల బాలునికి ఇప్పుడొక చిరునామా ఏర్పడినది. కాని నాయకుల పేరిట వెలసిన తండాలకు ఒకే పేరు పలు మండలములలో నుండుట కద్దు; దానికి తోడు 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలుగను, మహబూబ్‌నగరము నాలుగుగను చీలి, 2019లో నారాయణపేట అయిదవదయ్యెను. పాత జిల్లా, పాత మండలము పేర్లతోనున్న రిజిస్టరులను క్రొత్త వానితో ముడిపెట్టనిచో, బిడ్డ నిజమే చెప్పినను మనకు ఊరు దొరకదు.

పోవు పిల్లలే గాక వచ్చు పిల్లలును గలరు. భువనగిరి ప్రాంతపు ఇటుకబట్టీలకు ఒడిశానుండి కుటుంబములు కుటుంబములే వచ్చును. గద్వాల ప్రాంతపు విత్తనప్రత్తి చేలలో పూవులకు సంకరము చేయుటకు చిన్నచేతులను వాడుకొనిరి. ఆరు నెలలుండి పోవు బిడ్డ మా ఊరివాడు కాడని యిచ్చటివారు వ్రాయరు. పోయినవాడని అచ్చటివారు కొట్టివేయుదురు. "పరిధిలో నివసించు" అని విద్యాహక్కుచట్టము చెప్పినదే గాని ఓటరుల బిడ్డలని చెప్పలేదు.

సాధ్యము కానిదానిని నేను కోరుటలేదు. మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర వెలసిన సంస్థ పక్షమున శాంతా సిన్హాగారు రంగారెడ్డి జిల్లాలో చేసిన పని యిట్టిదే. బడిలో లేని ప్రతిబిడ్డయు బాలకార్మికుడే యని నిశ్చయించి, ఊరి యువకులచేతనే యింటింటి పిల్లలను పేరుపేరునా తెలిసికొని బడికి తెచ్చిరి. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారము వచ్చినది. కంప్యూటరు చేయగలది ఆ పేర్లను వేగముగా మోయుట మాత్రమే. తలుపు తట్టుట మనుష్యుని పని.

భూమి విషయమున ప్రభుత్వము చూపిన శ్రద్ధను చూడుడు. 2020 అక్టోబరులో ధరణి అను భూరికార్డుల పోర్టలు వచ్చినది. దాని లోపములు బయటపడగా 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతి వచ్చినది. దానిని ముందుగా పరీక్షించుటకు ఎన్నుకొన్న మండలములలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఏ మద్దూరునుండి పిల్లలు వలసపోవుచున్నారో ఆ మద్దూరే! గుంట భూమి చేతులు మాఱినను తెలిసికొను ఏర్పాటు చేయగలవారు, బిడ్డ ఊరు మాఱినపుడు తెలిసికొను ఏర్పాటు చేయలేరా? అట్టి పట్టికకు కావలసినది స్వల్పము: బిడ్డ పేరు, తల్లి పేరు, పుట్టినచోటు, మాటలాడు భాష, చదువు బడి, కుటుంబము పోవుచోటు, పిలుచుకొనిపోయిన మేస్త్రీ పేరు, బిడ్డను చివరిసారి చూచిన తేది. పంచాయతీ కార్యదర్శి, అంగన్‌వాడీ టీచరు, బడి ప్రధానోపాధ్యాయుడు నెలకొకసారి కూర్చుండి దానిని సరిచూచి, కుటుంబము కదలినపుడు ఆ వివరమును చేరుచోటి స్థానికసంస్థకు పంపవలెను. 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వేకై ముంబయినుండి సయితము జనులు బస్సులెక్కి వచ్చిరి. ఊరి లెక్కలో నిలువవలెనను ఆర్తి వారికి లేక కాదు. కాని ఒక్కదినపు లెక్క ఆ దినముతోనే పాతబడినది.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. రిజిస్టరు రక్షించుటకే గాక వేధించుటకును ఉపయోగింపవచ్చునని మన సంచారజాతులు బాగుగ నెఱుగును. 1871లో మొదలైన నేరస్థజాతుల చట్టముల క్రింద పేరెక్కుటయే నేరమైనట్లు కొన్ని తరములు బ్రతికినవి. కనుక ఈ పట్టిక పోలీసుల అనుమానపు జాబితా కాగూడదు. భిక్షకుడు, దొంగ అను ముద్రలకు అందు గడులే యుండరాదు. రక్షణ కోరు బాలల గుర్తింపును వెల్లడించుట బాలన్యాయచట్టపు 74వ సెక్షను నిషేధించుచున్నది. పట్టికను చూచినవారెవరో, ఎప్పుడు చూచిరో యంత్రమే వ్రాసికొనునట్లు చేయవలెను. ఆధార్ లేదనియో, వ్రేలిముద్ర పడలేదనియో ఏ బిడ్డ పేరును నిరాకరింపరాదు. కాగితము లేనివాని కొఱకే ఈ కాగితము.

ఈ సభలోనున్న సర్పంచులను, కౌన్సిలర్లను, కార్యదర్శులను నేను కోరునది ఒక్కటే. ప్రభుత్వము క్రొత్త పోర్టలు తెచ్చువరకు వేచియుండకుడు. విద్యాహక్కుచట్టపు 9వ సెక్షను మీకిదివరకే అధికారము నిచ్చియున్నది. వచ్చు గ్రామసభలో మీ ఊరి పిల్లల జాబితాను సరిచూచు విషయమును అజెండాలో చేర్చుడు. బట్టీలోని బిడ్డను, పుణెకు పోయిన బిడ్డను విడువక వ్రాయుడు.