తెర దూకితే కడుపు తిరుగుతుంది

అరకు ఘాట్‌రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పడం మనకు కొత్త కాదు. మరి కుర్చీ అంగుళం కదలకపోయినా, పెద్ద తెర ముందు అదే వికారం ఎందుకు?

లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలుంటాయి. తల తిరిగితే వాటిలోని ద్రవం కదిలి మెదడుకు కబురందుతుంది. తెరమీద విమానం లోయలోకి దూకగానే కళ్లు ‘పడిపోతున్నాం’ అంటాయి, చెవులు ‘కదల్లేదే’ అంటాయి. ఈ తగవులో నలిగేది పాపం కడుపు! బస్సులో పుస్తకం చదివితే వచ్చేదీ ఇదే తగవు, కాకపోతే తిరగేసి.

అమెరికాలో హెలికాప్టర్ సిమ్యులేటర్ ఎక్కినవాళ్లకు వికారం పుడుతోందని 1957లోనే నమోదు చేశారు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో 2003లో మొదలైన ‘మిషన్: స్పేస్’ అనే రైడ్ మనుషుల్ని నిజంగానే గిరగిరా తిప్పుతుంది. అందుకే లోపల వాంతి సంచులు పెట్టారు. 2006లో తిప్పని రకమూ తెచ్చారు. తిప్పేదాంట్లో తల కదపకుండా, కళ్లు మూయకుండా ఎదురుగా చూడమంటారు.

సినిమాహాల్లో మాత్రం చిక్కంతా కళ్లతోనే. కాసేపు మూసుకుంటే నెమ్మదిస్తుంది. వెనక వరసలో కూర్చుంటే తెర చూపునంతా ఆక్రమించదు. టికెట్టు డబ్బులు గుర్తొచ్చి బిగబట్టుకుని కూర్చోవడం మాత్రం నేను రెండుసార్లు చేసిన తెలివితక్కువ పని.