వకీలు లేడని చెప్పడం నేర్చుకుందాం

(నాందేడ్‌లో తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఉచిత న్యాయసహాయం గురించి మాట్లాడమన్నారు. వినడానికి ఇదేదో ప్రభుత్వ పథకం పేరులా ఉంటుంది. కాబట్టి మనకు బాగా తెలిసిన చోటు నుంచి మొదలుపెడతాను. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం తెరవండి. కైసరయలో అధిపతి ఫేలిక్సు ఎదుట పౌలును నిలబెట్టారు. ఫిర్యాదు చేసినవాళ్ళు ఒట్టి చేతులతో రాలేదు, తెర్తుల్లు అనే న్యాయవాదిని వెంటబెట్టుకొని వచ్చారు. అతను ముందు అధిపతిని పొగిడాడు, తర్వాత నేరాలు ఒక్కొక్కటిగా మోపాడు. పౌలు తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు. ఆయన చదువుకున్నవాడు, ధర్మశాస్త్రం తెలిసినవాడు, రోమా పౌరుడు, కాబట్టి తన మాట తానే చెప్పుకున్నాడు. అయినా ఏమైంది? డబ్బు ముడుతుందేమోనన్న ఆశతో ఫేలిక్సు ఆయనను రెండేళ్ళు బంధకాల్లోనే ఉంచేశాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పౌలు రెండేళ్ళు విచారణ ఖైదీగా ఉన్నాడు.

పౌలుకే అలా జరిగితే, మరాఠీ సరిగా రాని మన కూలి అన్న కోర్టులో నిలబడి ఏం చెప్పుకోగలడు?

నాందేడ్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ ఏడాది భాషల ప్రకారం రాష్ట్రాలను విడదీసినప్పుడు మరాఠ్వాడా అంతా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. సరిహద్దు మారింది గానీ ఇళ్ళలో మాట మారలేదు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు ఈ రోజుకీ తెలుగు వినిపిస్తుంది. మనకు ఆదివారం ఆరాధన తెలుగులో, సోమవారం తహసీలు కచేరీ మరాఠీలో. పోలీసు కాగితం మరాఠీలో వస్తుంది, కోర్టు సమన్లు మరాఠీలో వస్తాయి. అందులో ఏముందో ఎవరితోనైనా చదివించుకునేలోపు తారీఖు దాటిపోతుంది. తారీఖుకు వెళ్ళకపోతే వారెంటు.

వారెంటు అంటే మీకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. 2010 జూలైలో బాబ్లీ ప్రాజెక్టును చూడటానికి వచ్చిన అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడిని, ఆయన పార్టీ శాసనసభ్యులను ఇక్కడే, ధర్మాబాద్ దగ్గర అరెస్టు చేశారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 2018 సెప్టెంబరులో, ధర్మాబాద్ కోర్టు వాళ్ళ మీద వారెంటు జారీ చేసింది. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి. బాబ్లీలో ఎవరిది న్యాయం అన్నది ఈ రోజు మన విషయం కాదు, ఆ చర్చ మొదలైతే భోజనాల వేళ దాటిపోతుంది. నేను చెప్పేదల్లా ఇది: ఎనిమిదేళ్ళు నిద్రపోయిన కేసు కూడా ఒకరోజు లేచి తలుపు తడుతుంది. అలా తట్టినప్పుడు ముఖ్యమంత్రి తరఫున వకీళ్ళు వస్తారు. ఇటుక బట్టీ కూలీ తరఫున ఎవరొస్తారు?

రావాలని చట్టం అంటోంది. 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని, అందుకు ప్రభుత్వమే ఉచిత న్యాయసహాయం ఏర్పాటు చేయాలని దాని సారం. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళ సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నేరం రుజువైతే ఎంత శిక్ష పడుతుందో అంతకన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండానే లోపల ఉన్న మనుషులు బయటపడ్డారు. ఆ తర్వాత 1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టం చేశారు. అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. చట్టం చేయడానికి, అమలు చేయడానికి మధ్య ఎనిమిదేళ్ళు! పేదల చట్టాలు సామాన్యంగా ఆ వేగంతోనే నడుస్తాయి.

ఈ సహాయం ఎవరికి? ఆ చట్టంలోని 12వ సెక్షను చెబుతుంది. ఆడవాళ్ళు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవాళ్ళు, వికలాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు, వెట్టిచాకిరికి గానీ మనుషుల అక్రమ రవాణాకు గానీ గురైనవాళ్ళు, వరద, కరువు, కుల దౌర్జన్యం వంటి వాటివల్ల దెబ్బతిన్నవాళ్ళు, కస్టడీలో ఉన్నవాళ్ళు. వీళ్ళెవరికీ ఆదాయంతో పని లేదు. ఆడపిల్ల తండ్రికి పదెకరాలు ఉన్నా, ఆమె ఆడమనిషి అన్న ఒక్క కారణం చాలు. వీటిలో దేనిలోకీ రాని మగవాళ్ళకు ఆదాయం చూస్తారు. మహారాష్ట్రలో ఆ పరిమితి ఏడాదికి 3 లక్షల రూపాయలు.

ఇక్కడ మనకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. దీని గురించి మన సంఘాల్లో గుసగుసలే తప్ప ఎవరూ బయటికి మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. నాందేడ్‌లో మన పక్క వాడలోని బౌద్ధ సోదరుడు కులం పేరుతో న్యాయసహాయం అడగగలడు. అదే వాడలో, అదే అవమానం మోసిన క్రైస్తవుడు ఆ గడిలో టిక్కు పెట్టలేడు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. దాని మీద పోరాటం వేరే జరగాలి, జరుగుతోంది. అయితే ఆ ఒక్క గడి మూసి ఉందని మనవాళ్ళు మొత్తం ఫారమే వదిలేసి వస్తున్నారు, అదే నా బాధ. మీరు స్త్రీ అయితే ఆ గడి తెరిచే ఉంది. కస్టడీలో ఉంటే ఆ గడి ఉంది. 3 లక్షల లోపు ఆదాయమైతే ఆ గడి ఉంది. షెడ్యూల్డ్ తెగల విషయంలో మతం అడ్డు రాదు, కాబట్టి కిన్వట్ వైపు గోండు, కొలాం విశ్వాసులు తమ తెగ పేరుతోనే అడగవచ్చు.

కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొకటి అన్న ఇళ్ళు మనలో ఉన్నాయి. నేను ఎవరినీ తప్పు పట్టడానికి రాలేదు. ఒక్క మాట మాత్రం. దరఖాస్తుతో ఇచ్చేది అఫిడవిట్, అంటే ప్రమాణం. అబద్ధం చెప్పి తీసుకున్నారని తేలితే మధ్యలో సహాయం ఆపేస్తారు. నిజం చెప్పినా దొరికేదానికి అబద్ధం ఎందుకు?

తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళకు ఇంకో జాగ్రత్త. 1990లో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. తెనాలిలో పుట్టి ముంబైలో పెరిగిన తెలుగు విద్యార్థి ఆంధ్రప్రదేశ్‌లోని తన తెగ హోదాతో మహారాష్ట్రలో మెడికల్ సీటు అడిగాడు. ఆ హోదా రాష్ట్రం దాటి రాదని కోర్టు చెప్పింది. అది సీటు కేసు. అయినా అవతలి రాష్ట్రం సర్టిఫికెట్టు ఒక్కదాన్నే నమ్ముకొని వెళ్ళకండి. ఆదాయ ధ్రువపత్రం కూడా పట్టుకెళ్ళండి. తహసీలులో దీన్ని ‘ఉత్పన్నాచా దాఖలా’ అంటారు, ఆ పేరుతో అడిగితేనే తొందరగా పని అవుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి? జిల్లా కోర్టు ఆవరణలో మరాఠీ బోర్డు వెతకండి: ‘జిల్హా విధీ సేవా ప్రాధికరణ్’. జిల్లా జడ్జి దానికి అధ్యక్షులు, రోజువారీ పని చూసేది కార్యదర్శి. తాలూకా కోర్టుల్లో ‘తాలుకా విధీ సేవా సమితీ’ ఉంటుంది. హైకోర్టు అప్పీలైతే మనకు ఔరంగాబాద్ బెంచి, అక్కడా వేరే కమిటీ ఉంది. వెళ్ళలేకపోతే 15100 నంబరుకు ఫోను చేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. రాయడం రాకపోతే నోటితో చెప్పవచ్చు, అక్కడివాళ్ళే రాసి వేలిముద్ర తీసుకోవాలి. ‘ముందు రాయించుకొని రా’ అని తిప్పి పంపడం వాళ్ళ నిబంధనలకే విరుద్ధం. దరఖాస్తు అందిన 7 రోజుల లోపల ఏదో ఒకటి తేల్చాలి. కాదంటే ఆ సంస్థ అధ్యక్షుడికి అప్పీలు చేసుకోవచ్చు. అందుకే అర్జీ ఇచ్చాక తారీఖు, ముద్ర ఉన్న నకలు తీసుకోకుండా కదలవద్దు.

దెగ్లూర్‌లో ఒక అక్క ఉందనుకోండి. భర్త వదిలేసి వెళ్ళాడు, ఇద్దరు పిల్లలు. మనోవర్తి అడగాలి, ఇక్కడ కోర్టులో దాన్ని పోట్గీ అంటారు. బయట వకీలును అడిగితే ముందు ఇంత ఇవ్వమంటాడు. మెడలో ఉన్న ఆ కాస్త బంగారం కుదువ పెడుతుంది, రెండు తారీఖులకు ఆ డబ్బు అయిపోతుంది. అదే అక్క ఆధార్ కార్డు, పెళ్ళి ఆధారం, పిల్లల జనన పత్రాలు పట్టుకొని తాలూకా సమితికి వెళితే వకీలు, కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, తీర్పు నకళ్ళు అన్నీ ఉచితం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కాగితాల అనువాదం ఖర్చు కూడా న్యాయసహాయంలోకే వస్తుంది. ఆమె దగ్గర తెలుగులో రాసుకున్న పెళ్ళి ఒప్పందం ఉంటే, దాన్ని మరాఠీ చేయించాలని ఆమె అడగవచ్చు. మన సరిహద్దువాళ్ళకు ఇంతకన్నా పనికొచ్చే నిబంధన ఇంకొకటి లేదనుకుంటాను.

ఇక అరెస్టు సంగతి. తమ్ముళ్ళూ, ఇది మీకు. అరెస్టు చేసిన 24 గంటల లోపు మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ భయంతో తల ఊపకండి. ‘నాకు వకీలు లేడు, ప్రభుత్వ వకీలు కావాలి’ అని చెప్పండి. మరాఠీ రాకపోతే హిందీలో చెప్పండి, అదీ రాకపోతే తెలుగులోనే చెప్పండి, భాష రాదన్న సంగతైనా రికార్డుకు ఎక్కుతుంది. మొదటిసారి హాజరుపరిచినప్పుడే ఈ హక్కు గురించి నిందితుడికి చెప్పడం మెజిస్ట్రేటు బాధ్యతని 2012లో, కసబ్ కేసు తీర్పులోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కసబ్‌కు ఇచ్చిన వకీలును మన పిల్లవాడికి కాదనడానికి ఎవరికీ నోరు రాకూడదు. 1986లో అరుణాచల్‌కు చెందిన సుక్ దాస్ కేసులో వకీలు లేకుండానే విచారణ ముగించి శిక్ష వేశారు. అతను అడగలేదు కదా అని ప్రభుత్వం వాదించింది. హక్కు ఉందని తెలియనివాడు ఎలా అడుగుతాడని కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. జైలుకు పంపిన తర్వాత కూడా దారి మూసుకుపోదు. జైల్లోనే న్యాయసహాయ కేంద్రం ఉంటుంది, ఇంటివాళ్ళు ఇక్కడ జిల్లా కార్యాలయంలోనూ అర్జీ పెట్టవచ్చు.

‘ప్రభుత్వ వకీలు సరిగా వాదించడు’ అన్న మాట ఎప్పుడూ వింటాను. కొంత నిజమే. వాళ్ళకిచ్చే ఫీజు తక్కువ, కేసులు ఎక్కువ. అలాగని అప్పు చేసి పెట్టుకున్న వకీలు ప్రతి తారీఖుకూ వస్తున్నాడా? ప్యానెల్ వకీలు మీ దగ్గర పైసా అడగకూడదు. అడిగితే, తారీఖులకు రాకపోతే, కార్యదర్శికి రాసి ఇవ్వండి, వకీలును మార్చమని కోరండి. ప్యానెల్‌లో ఫలానా వకీలు కావాలని కూడా అడగవచ్చు, ఇవ్వడం వాళ్ళ ఇష్టం. తెలుగు తెలిసినవారు ఉన్నారా అని ముందే విచారించండి.

కొందరు పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు. విశ్వాసి కోర్టుకు వెళ్ళవచ్చా అని. మొదటి కొరింథీయులు 6వ అధ్యాయం చూపిస్తారు. అది సంఘంలో అన్నదమ్ములు ఆస్తి కోసమో పంతం కోసమో ఒకరినొకరు కోర్టుకు ఈడ్చుకోవడం గురించి. మన సంఘ ఆస్తుల తగాదాలకు అది సూటిగా వర్తిస్తుంది, ఆ పెద్దలు ముందు అక్కడ చదివితే బాగుంటుంది. ఆ పత్రిక రాసిన పౌలే కొరడాలతో కొట్టబోతే రోమా పౌరుణ్ణని చెప్పాడు, ఫేస్తు ఎదుట కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. లూకా 18లో విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఇంట్లో కూర్చొని ప్రార్థన మాత్రమే చేయలేదు. భార్యను కొట్టే మనిషి విషయంలో ‘సర్దుకో అమ్మా, కోర్టు వద్దు’ అని చెప్పే కాపరి ఆ అధ్యాయం వెనక దాక్కుంటున్నాడు.

చివరగా ఒక పని. ఈ గదిలో తెలుగు, మరాఠీ రెండూ చదవగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. న్యాయసేవల సంస్థలు పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటాయి. లా చదివి ఉండనక్కర లేదు. శిక్షణ ఇస్తారు, పని చేసిన రోజుకు కొంత గౌరవ వేతనం ఇస్తారు. అర్జీ రాయడం, కార్యాలయానికి తీసుకెళ్ళడం, వచ్చిన కాగితం చదివి చెప్పడం, ఇదే పని. ఎంపిక ప్రకటన ఎప్పుడన్నది జిల్లా కార్యాలయంలో అడగాలి. అంతవరకు ప్రతి సంఘంలో ఒకరు ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట కూర్చోండి, ఎవరింటికి ఏ మరాఠీ కాగితం వచ్చిందో చదివి పెట్టండి. తారీఖు ఉంటే ఎర్ర పెన్నుతో చుట్టి, పక్కన తెలుగులో రాసివ్వండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు భోజనాల తర్వాత నా దగ్గరికి రండి, అసలువి మీ దగ్గరే ఉంచుకొని జెరాక్సులే తెండి.