చుక్క ముట్టని ఇంటికి లివర్ జబ్బు ఎట్లొచ్చింది?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

జమాఖర్చులు చదవడం అయిపోయింది, ఎండ ఎక్కుతా ఉంది, వంటల వాసన కూడా వస్తా ఉంది. నాకిచ్చింది పావుగంట. ఒకే ఒక్క సంగతి మాట్లాడతాను.

"ఫలానా ఆయనకు లివర్ చెడిపోయిందంట" అంటే మనకు ముందు గుర్తొచ్చేది సీసానే. అందులో తప్పేం లేదు. మన పొదుపు పుట్టిందే సారా మీద కోపం నుంచి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ గారు, తోటి ఆడవాళ్లు సారా అంగడికి అడ్డం నిలబడ్డారు. ఆ మంట జిల్లా జిల్లాకూ అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి మన కర్నూలు జిల్లా మనిషే, కోట్ల విజయభాస్కరరెడ్డి గారు. సారాకు పోకుండా మిగిలిన రూపాయిని కూడబెడదామని నెల్లూరు ఆడవాళ్లు అనుకున్నదే మన దాకా వచ్చింది.

అందుకే లివర్ జబ్బంటే మగవాళ్ల జబ్బు, తాగుబోతుల జబ్బు అని మన మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఇప్పుడు ఆ మాట మనకే చేటు చేస్తా ఉంది. జీవితంలో చుక్క ముట్టని ఆడమనిషికి స్కానింగులో "ఫ్యాటీ లివర్" అని రాసిస్తే, ఆమె ఆ కాగితం మడిచి బీరువాలో దాచేస్తుంది. ఎవరికన్నా తెలిస్తే ఏమనుకుంటారో అని భయం. నేను నర్సుగా ఉన్నన్నాళ్లూ ఇట్లాంటి దాపరికాలు చాలానే చూశాను.

డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారి పేరు మీలో కొందరైనా విని ఉంటారు. మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే ఎంబీబీఎస్ చదివారు. హైదరాబాదులో ఏఐజీ ఆసుపత్రి పెట్టింది ఆయనే. 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ ఆసుపత్రిలో లివర్ డాక్టరు పి.ఎన్. రావు గారి బృందం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు కలిసి ఒక పరిశోధన చేశారు. అది కూడా 2025లోనే అచ్చయింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లను 345 మందిని పరీక్షించారు. నూటికి 84 మందికి లివర్‌లో కొవ్వు ఉంది! నూటికి 71 మందికి ఒళ్లు ఎక్కువ. ఆ 345 మంది ఎవరనుకున్నారు? బ్యాంకు లింకేజీ అప్పు తీసి, బంగారం కుదువ పెట్టి మనం ఇంజనీరింగ్ చదివించుకున్న పిల్లలే, లేకుంటే వాళ్ల పక్క సీట్లో కూర్చునేవాళ్లు.

"వాళ్లు రోజంతా కుర్చీలో కూర్చుంటారు, మేం చేన్లో వంగి పనిచేస్తాం, మాకెందుకొస్తాదమ్మా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. ఆ 84 అనే లెక్కను తెచ్చి మన పల్లెల మీద పెట్టకూడదు. అయితే కొవ్వు చేరే దారి మాత్రం ఎవరికైనా ఒకటే.

మేక కార్జం చూసుంటారు కదా, మనకూ అట్లాంటిదే కుడి పక్క డొక్క కింద ఉంటుంది. అది ఇంట్లో గాదె లాంటిది. తిన్న అన్నం చక్కెరగా మారి అక్కడికి చేరుతుంది. కావలసినంత దాచుకుంటుంది. గాదె నిండినాక కూడా వస్తానే ఉంటే, మిగిలినదాన్ని కొవ్వు చేసి పక్కన పెడుతుంది. లివర్ బరువులో నూటికి 5 వంతులు కొవ్వు దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. నొప్పి ఉండదు, కామెర్లు ఉండవు. అదే దీంతో వచ్చిన చిక్కు. కొందరిలో ఆ కొవ్వు దగ్గర వాపు పుట్టి, మచ్చలు పడి, ఏళ్లు గడిచేసరికి లివర్ గట్టిపడిపోతుంది.

ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది లివర్ కాదు, గుండె. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు, అందుకని రక్తంలో చక్కెర పెరుగుతుంది. రక్తంలోకి చెడ్డ కొవ్వును కూడా వదులుతుంది, అది గుండె రక్తనాళాల్లో పేరుకుంటుంది. షుగరుకొక డాక్టరు, గుండెకొక డాక్టరు, కడుపుకొక డాక్టరు అని మనం తిరుగుతాం గానీ లోపల ఈ మూడూ ఒకే కుటుంబం.

నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్లకు ఈ ముప్పు పెరుగుతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ రావచ్చు. చేతులూ కాళ్లూ పుల్లల్లాగ ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన వాళ్లను మన వీధిలోనే చూస్తాం. పని చేస్తాం, నిజమే. పొద్దున కాఫీతో గడిపి, మధ్యాహ్నం అందరూ తిన్నాక మిగిలిన తెల్లన్నమంతా పచ్చడేసుకుని తినేది కూడా మనమే. పారేయడానికి మనసొప్పదు!

ఇప్పుడు మన పుస్తకాల దగ్గరికొస్తాను. సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకునేటప్పుడు బర్రెకు రాస్తాం, అంగడికి రాస్తాం, కాలేజీ ఫీజుకు రాస్తాం. ఆరోగ్యం అని రాసేది ఎప్పుడు? ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో పడినాక, స్టెంటు వేయాలన్నాక. ఆ అప్పుకు కంతులు కట్టలేకే ఒక సభ్యురాలు సంఘానికి రావడం మానేస్తుంది, మిగతా తొమ్మిది మంది మీద భారం పడుతుంది. పరీక్షకు మాత్రం ఎవరూ అప్పు అడగరు. మొదటి పరీక్షకు అప్పు అక్కర్లేదు కూడా. 30 నిండిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు చూడడం ఏఎన్ఎం పనిలో భాగమే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఈ ఫ్యాటీ లివర్‌ను కూడా బీపీ, షుగరు కార్యక్రమంలో చేర్చింది.

ఇంట్లో చేసుకోగలిగింది ఇంకొకటుంది. కుట్టు మిషన్ ఉన్న అక్క దగ్గర టేపు తీసుకుని, ఊపిరి వదిలి, బొడ్డు దగ్గర నడుము కొలుచుకోండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే షుగరు, కొవ్వు పరీక్ష చేయించుకోవాలి. స్కానింగు కావాలో వద్దో డాక్టరు చెప్తారు.

ఫ్యాటీ లివర్ అని తేలితే బెదిరిపోవద్దు. మొదట్లో అయితే తగ్గించుకోవచ్చు. బరువు ఎక్కువున్నవాళ్లు నూటికి 5 వంతులు తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 వంతులు తగ్గితే వాపు కూడా దిగుతుంది. అంటే 70 కేజీల మనిషికి ముందు మూడున్నర కేజీలు చాలు. ఆరు నెలలు పట్టినా పర్లేదు. పసర్లు, ఫోన్‌లో చూపించే లివర్ పొడులు మాత్రం వద్దు. వాటిలో కొన్ని ఉన్న లివర్‌ను కూడా చెడగొడతాయి. షుగరు మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

తిండి గురించి ఒక మాట. కేసీ కాలువ, తెలుగుగంగ నీళ్లొచ్చి మనకు సోనా బియ్యం పెట్టాయి. ఆ బియ్యాన్ని తిట్టడానికి నేను రాలేదు, మా ఇంట్లో వండేదీ అదే. కానీ మన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే సూర్యనంది లాంటి కొర్ర రకాలు తయారు చేశారు. హైదరాబాదు దగ్గరున్న ఇక్రిశాట్ వాళ్లు 11 దేశాల పరిశోధనలు కలిపి 2021లో చూస్తే, రోజూ చిరుధాన్యాలు తినే షుగరు రోగులకు పరగడుపు చక్కెర సగటున నూటికి 12 వంతులు, తిన్న తర్వాత చక్కెర 15 వంతులు తగ్గింది. మన దగ్గర పుట్టిన విత్తనం, మన అవ్వలు తిన్న అన్నం. అట్లని కొర్రన్నం కదా అని తట్ట నిండా పెట్టుకుంటే గాదె మళ్లీ నిండుతుంది, అది కూడా చెప్పాలి కదా. ఒక పూట అన్నం సగం చేసి, ఆకుకూర పప్పు రెండింతలు వేసుకోండి.

మీ గ్రామ సమాఖ్యల్లో ఒక తీర్మానం రాసుకోండి. మూడు నెలలకొకసారి పొదుపు సమావేశానికి ఏఎన్ఎం గారిని పిలవండి. బీపీ, షుగరు, నడుము కొలత, ఈ మూడూ మినిట్స్ పుస్తకంలో కాదు, ఎవరిది వాళ్ల చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఒకరి సంగతి ఇంకొకరు వీధిలో మాట్లాడకూడదని కూడా అదే తీర్మానంలో రాయండి.

నేను నాలుగు టేపులు తెచ్చాను. వెనక మెట్ల దగ్గర ఏఎన్ఎం అమ్మాయిలు షుగరు మిషన్లతో కూర్చున్నారు. భోజనాలకు ముందే వెళ్లండి, తిన్నాక చూస్తే లెక్క వేరే వస్తుంది. ముందు వరసలో కూర్చున్న అధ్యక్షురాలు గారితోనే మొదలుపెడదాం, లేవండమ్మా.