పోలీసు విచారణయందు సత్యభాషణము

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)

  

మనలో నొక మాట చిరకాలముగా చెల్లుచున్నది: "మనవాడు చిక్కులో నున్నాడు, ఠాణాలో ఒక్క మాట అటు నిటుగా చెప్పిన దోషమేమి?" ఇది బంధుప్రీతివలె దోచును. కాని దీనివలన బంధువు తరింపడు, చెప్పినవాడును చెడును.

మొదట చట్టమేమనుచున్నదో చూతము. 1860 నాటి శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలునకు వచ్చినది. దానితోడనే భారతీయ నాగరిక సురక్షా సంహితయు వచ్చినది. సురక్షా సంహిత 180వ సెక్షను ననుసరించి, విషయ మెఱిగినవాడు విచారణాధికారి ప్రశ్నలకు నిజమే చెప్పవలయును. ఆ వాఙ్మూలముపై సంతకము పెట్టింపరాదు గావున, సంతకము లేని మాటకు శిక్ష యెక్కడిదని కొందఱు ధైర్యపడుదురు. అది భ్రమ. ఇతరునికి హాని కలుగునట్లు అధికారిచే అధికారమును ప్రయోగింపజేయు తలంపుతో కల్ల చెప్పినవానికి, న్యాయ సంహిత 217వ సెక్షను క్రింద ఒక సంవత్సరము వఱకు కారాగారము గాని, 10,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని కలవు. పూర్వమీ కారాగారశిక్ష ఆఱు మాసములే. జరిగిన నేరమును గూర్చి తెలిసి తెలిసి తప్పుడు సమాచార మిచ్చిన 240వ సెక్షను క్రింద రెండేండ్ల వఱకు శిక్ష గలదు. ఆధారము లేదని యెఱిగియు పగచే నొకనిపై నేరము మోపిన 248వ సెక్షను క్రింద అయిదేండ్ల వఱకును, మోపిన నేరము ఘోరమైనచో పదేండ్ల వఱకును కలదు.

ఒక యుదాహరణము. పటాన్‌చెరు, సంగారెడ్డిల మీదుగా పోవు ముంబయి రహదారిపై నొక యువకుడు అజాగ్రత్తగా కారు నడిపి యొకని మృతికి కారకుడయ్యెననుకొనుడు. "నడిపినవాడు మా డ్రైవరు" అని మేనమామ చెప్పెను. ఆ నేరమునకు గరిష్ఠశిక్ష అయిదేండ్లు. నేరస్థుని కాపాడుటకై కల్ల చెప్పినవానికి 238వ సెక్షను క్రింద అందులో నాలుగవ వంతు, అనగా 15 మాసముల వఱకు శిక్ష పడవచ్చును. మేనల్లునితో మేనమామయు ముద్దాయి యగును. నిరపరాధియగు డ్రైవరు కుటుంబము వీధిపాలగును.

మన ప్రాంతమున నీ విషయము మఱింత గురుతరము. 2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచి కర్మాగారమున జరిగిన విస్ఫోటనమునందు నలువదిమందికి పైగా మరణించిరి. దేహములను గుర్తించుటకు డి.ఎన్.ఏ. పరీక్షలు కావలసివచ్చెను. మృతులలో ననేకులు దూరరాష్ట్రములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. ఇట్టి ఘోరము ఏ కర్మాగారమున జరిగినను, లోపల నెవరుండిరి, ముందుగా హెచ్చరించినవా రెవరు అను ప్రశ్నలకు, బ్రతికి బయటపడినవారి మాటయే ముఖ్యాధారము. కంట్రాక్టరు మనవాడనియో, సూపర్వైజరు మన బంధువనియో ఒక్క మాట మార్చినచో, ఎక్కడనో యున్న విధవరాలి నష్టపరిహారమునకు ఆధారము పోవును. నిన్నటి లోపము రేపు మరల ప్రాణములు గొనును.

కొందఱు శాస్త్రము నడ్డము పెట్టుదురు. భారతమున కౌశికుడను తపస్వి, పారిపోవువారి జాడను దొంగలకు నిజముగా చెప్పి నరకము పొందెను గదా యందురు. నిజమే. కాని యచట నడిగినవారు దొంగలు, అడిగినది చంపుటకు. చచ్చినవాని పక్షమున నిజము నడుగు అధికారితో వారికి పోలిక లేదు. ధర్మరాజో, అశ్వత్థామ విషయమున సగము నిజము పలికి గురువును మోసపుచ్చగా, నేల నంటని యాతని రథము నేలకు దిగెను.

అట్లని భయపడవలసిన పనియు లేదు. తన్ను నేరమున నిఱికించు ప్రశ్నకు బదులు చెప్పకుండుటకు రాజ్యాంగము 20(3) అధికరణమున హక్కు గలదు. ఈ రక్షణ పోలీసు విచారణయందును వర్తించునని 1978లో నందినీ శత్పథీ కేసున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. సాక్షులలో స్త్రీలను, అఱువదేండ్లు దాటిన పురుషులను, వారి సమ్మతి లేక ఠాణాకు రప్పింపరాదు. వారి యింటనే విచారింపవలయును. తన విషయమున మౌనము హక్కు, అసత్యము నేరము. ఈ భేదము నెఱిగినవాడు చిక్కున బడడు.

కావున సంఘమునకు నా మనవి యిది. సాక్షులను కూర్చుండబెట్టి మాటలు నేర్పు నలవాటు మానుదము. చిక్కున బడినవానికి మంచి వకీలును చూపుదము, జామీనుకు నిలుతము, వాని పిల్లల కన్నము పెట్టుదము. బంధుధర్మ మింతవఱకే. అబద్ధ మందులోనిది కాదు.