తక్కువ ఖర్చులో ఇంటిల్లిపాదికీ బలమైన తిండి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడి పంతుల్ని. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ చదవడం రాదు, సావనీరు వాళ్ల చేతుల్లోకి కూడా పోవాలి గనుక తెలుగులోనే మాట్లాడమని సెక్రటరీ సాబ్ హుకుం. నా తెలుగులో తప్పులుంటే మన్నించవలసిందిగా మనవి.

నేను డాక్టర్ను కాను. వంటవాణ్ణి అసలే కాను. తిండి గురించి మాట్లాడే పని నాకు అప్పజెప్పారని చెప్తే మా ఇంటామె నవ్వింది. ఆ నవ్వుకు కారణం ఉంది. ముందు అదే చెప్తాను.

రెండేళ్ల కింద ఒకరోజు పొద్దుగాల ఆమె నీళ్ల బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. సర్కారు దవాఖానకు తీసుకపోయినం. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.4 ఉన్నది. ఆడవాళ్లకు 12 ఉండాలి. 8 కంటే తక్కువైతే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క. డాక్టరమ్మ "రోజూ ఏం తింటున్నవమ్మా?" అని అడిగింది. ఆమె నోరు తెరవకముందే నేను అందుకొని "అందరం తినేదే మేడం. పప్పు, కూర, గుడ్లు, వారానికోసారి గోష్త్" అని అప్పజెప్పిన. డాక్టరమ్మ నా దిక్కు చూసి "మిమ్మల్ని కాదు, ఆమెను అడిగిన" అన్నది.

ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేది నేనే. మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజ లవణాలు అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసిననో లెక్కలేదు. ఇంటికొచ్చి ఒక వారం రోజులు ఏమీ అనకుండా దస్తర్‌ఖాన్ దగ్గర గమనించిన. ముందు నేను, పిల్లలు, తర్వాత మా అమ్మ, అందరం లేచిన తర్వాత ఆమె. అప్పటికి గిన్నెలో మిగిలేది అన్నం, ఇంత ఖట్టా. పప్పు అడుగున నీళ్లు. ఇంట్లో మేము ఆరుగురం. గుడ్లు వండిన రోజు గిన్నెలో ఐదే ఉంటాయి. "నాకు వాసన పడదు" అనేది. పెళ్లైన కొత్తలో పడిన వాసన ఇప్పుడెందుకు పడదో నేను ఎన్నడూ అడగలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇంతమంది ముందర చెప్పుకునేవాణ్ణి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఐదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మంది. మరొక లెక్క చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, ఆడమనిషికి 29 కావాలి. పద్నాలుగేండ్ల పిల్లవాడికి 22 అయితే అదే ఈడు ఆడపిల్లకు 30. అంటే ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లే మన ఇండ్లలో ఆఖరున తింటున్నారు. "బక్కగున్నది, నాజూకుగున్నది" అని మనం మెచ్చుకునే పిల్ల నిజానికి రక్తం లేని పిల్ల కావచ్చు.

డాక్టరమ్మ ఐరన్ గోలీలు రాసింది. రక్తం అంత పడిపోయిన తర్వాత తిండి ఒక్కటే సరిపోదు, గోలీలు వేసుకోవలసిందే. సర్కారు దవాఖానలో అవి ఊరికే ఇస్తారు. కడుపులో నులిపురుగులు ఉన్నా రక్తం తగ్గుతుంది, బడిలో ఇచ్చే నులిపురుగుల మందు పిల్లలకు మానిపించకండి. ఐదు నెలల తర్వాత ఇంటామెకు 11 దాటింది. ఈ ఐదు నెలల్లో మా వంటింటి ఖర్చు పెరగలేదు. పెట్టే పైసలే తీరు మార్చుకొని పెట్టినం. అదే మీతో పంచుకుంటాను.

మొదటి సంగతి బియ్యం. మన రెండు పాత జిల్లాల్లో, కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ, మన తాతల కాలంలో రోజూ అన్నం తినే ఇల్లు కలిగిన ఇల్లు. తక్కినవాళ్లది జొన్న రొట్టె, మక్క గట్క, అంబలి. 1963లో పోచంపాడు ప్రాజెక్టుకు పునాది పడ్డది, తర్వాత కాలువ నీళ్లు వచ్చినై, పొలాలు వరి మళ్లైనై. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. సంతోషమే. ఆకలి పోయింది. కానీ కడుపు నిండటం వేరు, ఒంటికి బలం పట్టటం వేరు. ఆ బియ్యం మీద మిగిలిన పైసలు ఎటు పోతున్నాయి? ప్రతి ఇంట్లో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి.

మా ఇంట్లో ఆ పైసలు పప్పు డబ్బాలోకి మళ్లించినం. మూడు పాళ్లు బియ్యానికి ఒక పాలు పప్పు ఉండాలి. బియ్యంలో ఉన్న మాంసకృత్తులకు ఒక లోపం ఉంది, పప్పులో ఉన్నవాటికి ఇంకొక లోపం. రెండూ కలిస్తే ఒకదాని లోపాన్ని ఒకటి పూడ్చుకుంటాయి. మనిషికి 6 కిలోల బియ్యమైతే నెలకు 2 కిలోల పప్పు. అంత చేతకాకపోతే కిలోన్నర, అంటే రోజుకు 50 గ్రాములు. నాకు తెలిసిన చాలా ఇండ్లలో ఐదుగురికి నెలంతా కలిపి కిలో, కిలోన్నర తెస్తున్నారు. దానితో వండేది పప్పు కాదు, పసుపు నీళ్లు.

కందిపప్పే కావాలని పట్టుబట్టనక్కర లేదు. మసూర్, పెసర, శనగ, బబ్బర్లు, ఉలవలు అన్నింటిలోనూ నూరు గ్రాములకు 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఉలవలు ఎడ్లకు పెట్టేవని మన పిల్లలు మొహం తిప్పుకుంటారు. అదే ఉలవకట్టును పెండ్లి దావత్‌లో పోస్తే రెండోసారి అడుగుతారు!

కొత్తగా నేర్చుకోవలసింది కూడా ఎక్కువ లేదు. మన నానమ్మలు పొద్దుగాల ఏం వండేవారు? ఖిచిడీ, ఖట్టా. మూడు పావుల బియ్యంలో ఒక పావు మసూర్ పప్పు. ఏ పట్టికా చూడకుండానే లెక్క సరిగ్గా కుదిరింది. రంజాన్‌లో తినే హలీమ్‌లోనూ గోధుమ, పప్పు, మాంసం ఒకే డేగిషాలో ఉడుకుతాయి.

ఆ పొద్దుటి ఖిచిడీ స్థానంలో ఇప్పుడు చాయ్, పాపే వచ్చినై. నా తరగతిలో ఒక పిల్ల ఉన్నది, పేరు చెప్పను. రెండో పీరియడ్‌కల్లా బెంచీ మీద తల వాల్చేది. సోమరిపోతని కోప్పడిన. తర్వాత అడిగితే తెలిసింది, పొద్దుగాల తాగింది చాయ్ ఒక్కటే. తల్లిని తప్పుపట్టలేను. ఆమె తెల్లారకముందే చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టడానికి కూర్చుంటుంది, సాయంత్రానికి లెక్క అప్పజెప్పాలి. కోరుట్ల, జగిత్యాల, నిర్మల్ దిక్కు బీడీల మీద బతికే ఇండ్లు మనవి ఎన్నో. అందుకని ఖిచిడీ వండే తీరిక లేని ఇండ్లకు చెప్తున్నాను. రాత్రి పడుకునేముందు గుప్పెడు శనగలో బబ్బర్లో నానబెట్టండి. పొద్దుగాల కుక్కరులో రెండు విజిళ్లు ఎక్కువ రానిచ్చి, ఉప్పు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండి గుడాలు చేతిలో పెట్టండి. లేదంటే రాత్రి మిగిలిన రొట్టె, పల్లీల పొడి. పిల్ల చేతికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ ఇచ్చి పంపడం కంటే ఇది చవక. బడిలో మధ్యాహ్న భోజనం మన దగ్గర 2003 నుంచి పెడుతున్నారు, గుడ్డు కూడా ఇస్తున్నారు. దాన్ని నామోషీ అనుకోకుండా పిల్లల్ని తిననివ్వండి. అయితే దాన్ని చూసుకొని పొద్దుటి తిండి ఎగ్గొట్టడం సరికాదు.

జొన్న రొట్టె అన్నాను గనుక ఇక్కడ ఒక మాట. మన పెద్దవాళ్లు "జవారీ తిన్న ఒళ్లు, ఇప్పటి అన్నపు ఒళ్లా?" అంటారు. నిజమే, జొన్నలో ఇనుము, పీచు బియ్యం కంటే ఎక్కువ. వారంలో రెండు మూడు పూటలు రొట్టె చేసుకుంటే చాలా మంచిది, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు మరీను. కానీ పాతకాలం అంతా బంగారమే కాదు. ఈ దక్కను నేల మీద జొన్న ఒక్కటే తిని బతికిన పేదలకు పెల్లగ్రా అనే జబ్బు వచ్చేది. మెడ, చేతులు ఎండ తగిలినచోటల్లా నల్లబడి చర్మం పొరలు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, చివరికి మతి కూడా చలించేది. హైదరాబాదులో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య గార్లు దాని మీద పరిశోధన చేసి 1960లో ప్రచురించారు. రొట్టె పక్కన పప్పు, పల్లీలు, ఇంత మజ్జిగ ఉన్నవాళ్లకు ఆ భయం లేకుండె. జొన్నైనా మక్కైనా బియ్యమైనా ఒంటరిగా పెట్టకూడదు.

ఇక గోష్త్. దీని మీద మాట్లాడితే కొందరికి కోపం వస్తుంది, నాకు తెలుసు. జుమ్మా నాడు కిలో తెచ్చి రెండు పూటల్లో ఊడ్చేసి, తక్కిన ఆరు రోజులు ఖట్టాతో నడిపించే ఇండ్లు మనవి. మాదీ అంతే ఉండేది. ఇప్పుడు ఆ కిలో తేవడం లేదు. వారంలో రెండు సార్లు పావు కిలో తెస్తున్నం, బొక్కలతో సహా. పావు కిలో శనగపప్పు, ఒక సొరకాయ వేసి దాల్చా వండితే ఆరుగురికి రెండు పూటలు వస్తుంది. దీంట్లో ఇంకొక మేలు ఉంది. మాంసం కొద్దిగా కలిసినా చాలు, పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఒక్కరోజే కిలో తింటే ఆ లాభం ఒక్కరోజుకే. కార్జం ఎప్పుడన్నా వందగ్రాములు తెస్తే ముందు ఆడపిల్లల పళ్లెంలో వేయండి. ఖీమాలో సగానికి సగం నానబెట్టిన మీల్‌మేకర్ కలపండి, మసాలా సరిగ్గా పడితే మీ మామగారు కూడా కనిపెట్టలేరు. ఆదిలాబాదు నల్లరేగడిలో సోయా విరివిగా పండుతుంది. ఇంటి గింజలు వాడుకునేవాళ్లు మాత్రం బాగా ఉడికించిగానీ తినకూడదు, పచ్చివి అరగవు.

ఆకుకూరల మీద ఎక్కువ చెప్పను. పుంటికూర, తోటకూర, మునగాకు మన దగ్గర మట్టి ధర. గంగవాయిలి కూర అయితే వానాకాలం చేన్ల గట్ల మీద ఊరికే దొరుకుతుంది. వారంలో నాలుగు రోజులు ఏదో ఒక ఆకు పప్పులో పడితే చాలు.

చాయ్ సంగతి మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే నేనే పెద్ద దోషిని. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా పోతుంది. తినడానికి గంట ముందో, తిన్న గంట తర్వాతో తాగండి. అన్నంతోపాటు నిమ్మకాయ, జామకాయ, ఉసిరి ఏదున్నా ఇనుము బాగా పడుతుంది. గోలీ కూడా నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి, చాయ్‌తో కాదు. మా ఇంటామె మొదటి నెల చాయ్‌తోనే వేసుకున్నది. ఎవరూ చెప్పలేదు, నేను చూడలేదు.

దావతుల ఖర్చు గురించి ఈ వేదిక మీద ఇదివరకే చాలామంది మాట్లాడారు. నేను ఒక్కటే అడుగుతున్నాను. అకీఖాకు అప్పు చేసి మూడు రకాల మీఠా పెట్టిన ఇంట్లో బాలింతకు రోజూ గుడ్డు ఉందా లేదా?

మా ఇంట్లో చివరికి చేసిన మార్పు అన్నింటికంటే చిన్నది, చేయడానికి అన్నింటికంటే కష్టమైంది. వండిన వెంటనే ఆరు పళ్లేల్లో ఒకేసారి వడ్డించడం. మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. "నేను తర్వాత తింటగదా" అనేది. మా అమ్మ కూడా "ఇదేం కొత్త రివాజు?" అన్నది. పదిహేను రోజులు నేనే వడ్డించిన. చేయి కాలింది, ఉప్పు గిన్నె ఒలికింది, పిల్లలు నవ్వినారు. తర్వాత అదే అలవాటైంది. ఇప్పుడు గుడ్లు ఆరు.

ఇక పని మాట. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొత్త కందులు అంగట్లోకి వస్తాయి. దుకాణంలో విడిగా కిలో, అరకిలో ఉద్దెర తెచ్చుకునే బదులు ఇరవై ముప్పై ఇండ్లు కలిసి బస్తాల లెక్కన కందులు కొని, గిర్నీలో పట్టించి పంచుకుంటే ఎంతో కొంత మిగులుతుంది. ఎండబెట్టి, వేపాకు వేసి డబ్బాలో పోస్తే నెలల తరబడి నిలువ ఉంటుంది. కార్యవర్గం ఒప్పుకున్నది. శనగలు, ఉలవలు కూడా అట్లనే తేవాలని ఆలోచన. పైసలు ఒకేసారి ఇవ్వలేనివాళ్లు మూడు వాయిదాల్లో ఇవ్వవచ్చు.

రిజిస్టరు బయట బల్ల మీద పెట్టించారు. మనిషికి నెలకు కిలోన్నర లెక్కన రాసుకుంటున్నారు. ఇంట్లో ఎంతమంది అని అడుగుతారు. వండే ఆమెను కలుపుకొని చెప్పండి.