పెర్రీ మేసన్ – ఒక కోర్టు గుమాస్తా చూపులో

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఇంతవరకు కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చాలా మాట్లాడుకున్నాం. ఈసారి కాస్త మార్పుగా పుస్తకాల మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. భగవద్గీత మీద మాట్లాడగలిగినవారు మనలో నలుగురైదుగురు ఉన్నారు. డిటెక్టివ్ నవలల మీద మాట్లాడేవాడు ఒక్కడైనా ఉండాలి కదా అని నేను లేచాను. నా విషయం పెర్రీ మేసన్ అనే ప్లీడరుగారు. ఆయన కల్పిత పాత్రే అయినా నాకు తెలిసిన చాలామంది ప్లీడర్ల కంటే ఎక్కువ పరిచయస్థుడు.

నేను 1971లో ఇరవై ఒకటో ఏట ఒక క్రిమినల్ కోర్టులో కాపీయిస్టుగా చేరాను. తర్వాత బెంచి క్లర్కునయ్యాను. 2008లో పదవీ విరమణ చేశాను. మా తరం కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ చదువుతూ పెరిగినది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శిరస్తాదారుగారు నా ఇంగ్లీషు చూసి, "అబ్బాయీ, నీ ఇంగ్లీషు బాగుపడాలంటే గ్రామరు పుస్తకం పక్కన పెట్టి గార్డనర్‌ని చదవవోయ్" అన్నారు. అద్దె పుస్తకాల షాపులో అట్ట చిరిగిన పాకెట్ బుక్కులు దొరికేవి. ఆ విధంగా మొదలైన అలవాటు ఇప్పటికీ, కళ్లజోడు నంబరు ఎన్నిసార్లు మారినా, పోలేదు.

ముందుగా రచయిత గురించి నాలుగు మాటలు. ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ 1889లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. లా కాలేజీలో పట్టుమని కొన్ని నెలలు కూడా నిలవలేదు. బాక్సింగు పిచ్చి ఆయన్ని అక్కడి నుంచి బయటికి తెచ్చింది. కాలిఫోర్నియాలో ఒక లాయరు ఆఫీసులో టైపిస్టుగా పనిచేస్తూ, సొంతంగా న్యాయశాస్త్రం చదువుకొని 1911లో పరీక్ష ప్యాసై ప్లీడరయ్యాడు. టైపు మిషను ముందు కూర్చున్నవాడు ప్లీడరయ్యాడన్న సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో మన టైపిస్టు సోదరులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన ఆక్స్‌నార్డ్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. కక్షిదారుల్లో చాలామంది బీదవారైన చైనీయులు, మెక్సికన్లు. ఇంగ్లీషు రానివారు, పలుకుబడి లేనివారు. ఒకసారి లాటరీ నేరం మీద చైనా వ్యాపారుల్ని అరెస్టు చేయడానికి పోలీసులు వారంట్లతో బయలుదేరుతున్నారని ఆయనకు ముందే తెలిసింది. ఒకరి కొట్లో ఒకరు కూర్చునేలా అందర్నీ తారుమారు చేయించాడు. పోలీసులు కొట్టు చూసి మనిషిని పట్టుకున్నారు గాని మనిషిని చూసి పట్టుకోలేదు. అసలు వీళ్లు ఎవరు ఎవరో పోలీసులకే తెలియదని ఆ విధంగా రుజువైంది. పెర్రీ మేసన్ పుట్టింది ఇలాంటి బుర్రలో నుంచే.

మొదటి నవల "ది కేస్ ఆఫ్ ది వెల్వెట్ క్లాస్" 1933లో వచ్చింది. అప్పటి నుంచి ఆయన 1970లో కన్నుమూసేదాకా, ఆ తర్వాత 1973 వరకు కూడా, 80కి పైగా మేసన్ నవలలు వెలువడ్డాయి. పుస్తకాలను ఆయన నోటితో చెబుతూ పోతే సెక్రటరీలు టైపు చేసేవారు. వారిలో ముగ్గురు అక్కచెల్లెళ్లు. మన ఆఫీసుల్లో ఒక్క స్టెనో పోస్టు శాంక్షను కావడానికి ఎన్నేళ్లు పట్టేదో గుర్తు చేసుకోండి!

మేసన్‌తో పాటు సెక్రటరీ డెల్లా స్ట్రీట్, ప్రైవేటు డిటెక్టివ్ పాల్ డ్రేక్, ఎప్పుడూ ఓడిపోయే ప్రాసిక్యూటరు హామిల్టన్ బర్గర్, తెలివైన పోలీసు లెఫ్టినెంట్ ట్రాగ్, వీరందరూ మనకు ఇంట్లో మనుషుల్లా అయిపోతారు. 1957 నుంచి 1966 వరకు అమెరికా టెలివిజన్‌లో రేమండ్ బర్ ఆ పాత్ర వేశాడు. చిట్టచివరి భాగంలో జడ్జి వేషం వేసినవాడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ గార్డనరే!

ఇక మేసన్ జిత్తులమారితనం గురించి. "ది కేస్ ఆఫ్ ది హౌలింగ్ డాగ్" 1934 నాటిది. అందులో ముద్దాయిని తన కారులో ఎక్కించుకున్నానని చెప్పే టాక్సీ డ్రైవరు ఒకడున్నాడు. మేసన్ అతని దగ్గరికి ముందుగానే వేరే ఆడమనిషిని పంపి, కారులో మరిచిపోయిన చేతిరుమాలు నాదేనని అడిగిస్తాడు. డ్రైవరు ఆమెకే ఇచ్చేస్తాడు. ఇక కోర్టులో ఆ డ్రైవరు ఎవర్ని గుర్తుపడితే మాత్రం ఏం లాభం? అదే సంవత్సరం వచ్చిన "ది కేస్ ఆఫ్ ది క్యూరియస్ బ్రైడ్"లో కాలింగ్ బెల్లు శబ్దం మీద ఆధారపడ్డ సాక్ష్యాన్ని గందరగోళం చేయడానికి గంటలనే మార్పిస్తాడు. తర్వాత్తర్వాత, "సాటర్‌డే ఈవినింగ్ పోస్ట్" వంటి కుటుంబ పత్రికలో సీరియల్‌గా రావడం మొదలయ్యాక, మేసన్ కొంచెం పెద్దమనిషి అయ్యాడు. మొదటి నవలల్లో మాత్రం గీత మీదే నడుస్తుంటాడు.

ఇది తప్పు కాదా అని ఒక మిత్రుడు నన్ను అడిగారు. ప్లీడరు సాక్షుల్ని బోల్తా కొట్టించడం న్యాయమా అన్నారు. మేసన్ చేసిన ప్రతి పనినీ నేను సమర్థించను. కాని అతని జిత్తులన్నిటిలోనూ ఒకే సూత్రం కనబడుతుంది. సాక్షి అబద్ధమాడుతున్నాడని అతను ఊరికే అనడు. సాక్షి నిజంగా చూసిందెంత, పోలీసులు చెప్పగా చూశాననుకుంటున్నదెంత అని విడదీస్తాడు. ముప్ఫై ఏడేళ్లు కోర్టులో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, పచ్చి అబద్ధాలాడే సాక్షుల కంటే, తాము చూడనిది చూశామని నిజంగా నమ్మే సాక్షులే ఎక్కువ. వాళ్లను విడదీసి చూపించాలంటే ఎవరో ఒకరు లేచి ప్రశ్నించాలి.

ఇక్కడ ఒక గుమాస్తా సంగతి. మేసన్ నవలల్లో చాలా కథలు జ్యూరీ ముందు కాక, మేజిస్ట్రేటు ముందు జరిగే ప్రాథమిక విచారణలోనే తేలిపోతాయి. కేసును పై కోర్టుకు పంపడానికి తగిన ఆధారం ఉందా లేదా అని చూసే విచారణ అది. మన దగ్గరా 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద, సెషన్స్‌కు పంపే ముందు మేజిస్ట్రేటు సాక్షుల్ని విచారించే పద్ధతి ఉండేది. 1973 కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి ఆ సాక్ష్య విచారణను తీసేసింది. పి.ఆర్.సి. నంబరు రిజిస్టరు మాత్రం మిగిలింది. ఆ పాత పద్ధతి చివరి రెండు మూడేళ్లు కళ్లారా చూశాను గనుక, మేసన్ కోర్టు నాకు పరాయి కోర్టు అనిపించలేదు.

తేడా మరొకటి ఉంది. కాలిఫోర్నియా కోర్టులో రిపోర్టరు ప్రశ్నను ప్రశ్నగా, జవాబును జవాబుగా అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటాడు. మన కోర్టుల్లో వాంగ్మూలాన్ని మామూలుగా కథనంలా రాస్తారు. ప్రశ్న కనబడదు, జవాబు ఒక్కటే మిగులుతుంది. "నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు" అనే వాక్యాన్ని నేను ఎన్ని వేలసార్లు టైపు చేశానో లెక్క లేదు. ఆ వాక్యం వెనక ఒక ప్లీడరు వేసిన ప్రశ్న ఉంటుంది. ప్రశ్న వేసేవాడు లేకపోతే ఆ వాక్యం కూడా ఉండదు.

అలా లేనప్పుడు ఏముంటుందో చెబుతాను. నేను పనిచేసిన ఒక మేజిస్ట్రేటు కోర్టులో, సైకిలు దొంగతనం కేసులో ఒక కూలీ ముద్దాయి. బెయిలుకు జామీను లేదు, ప్లీడరు లేడు. సాక్షి చెప్పడం అయిపోయింది. "ఏమైనా అడుగుతావా?" అని బోనులో ఉన్నవాణ్ణి అడిగారు. అతను చేతులు కట్టుకుని, "నేను తియ్యలేదు బాబూ" అన్నాడు. అది ప్రశ్న కాదు గదా! రికార్డులో రెండే మాటలు పడ్డాయి: "క్రాస్: నిల్." ఆ రెండు మాటల్నీ టైపు చేసింది నేనే. రూల్సు ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. ఆ కూలీ దొంగ కాడని నేననడం లేదు, నాకు తెలియదు. అతను దొంగ అవునో కాదో ఆ కాగితం చదివిన ఎవరికీ తెలియదు. సాక్షి ఆ సైకిల్ని ఎంత దూరం నుంచి చూశాడు, వెలుతురు ఉందా, ఆ సైకిలే అని ఎలా గుర్తుపట్టాడు అని అడిగినవారు లేరు.

ఈ సంగతి మేసన్‌ను సృష్టించినవాడికి మనకంటే బాగా తెలుసు. నవలలో అయితే కక్షిదారు పిల్లిని వెంటేసుకుని వచ్చినా, చిల్లర నాణేలతో వచ్చినా మేసన్ కేసు తీసుకుంటాడు. నిజ జీవితంలో మేసన్ ఉండడు. అందుకే గార్డనర్ 1948లో "ఆర్గసీ" పత్రిక అధిపతి హారీ స్టీగర్‌తో కలిసి "కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్" అనే శీర్షిక ప్రారంభించాడు. పేరుకు కోర్టేగాని అధికారం ఏమీ లేదు. వైద్యులు, డిటెక్టివులు, నిపుణులు కొందరు కలిసి, అన్యాయంగా శిక్ష పడిందనిపించిన బీద ఖైదీల కేసుల్ని తిరిగి పరిశీలించి ప్రజల ముందు పెట్టేవారు. దానిపై ఆయన రాసిన పుస్తకానికి 1953లో ఎడ్గార్ అవార్డు వచ్చింది.

దీనికి దారి తీసిన కేసు విలియం లిండ్లీ అనే అతనిది. ఒక బాలిక హత్య కేసులో కాలిఫోర్నియాలో అతనికి మరణశిక్ష పడింది. గార్డనర్ ఏ సాక్షినీ బోల్తా కొట్టించలేదు, ఏ గంటలూ మార్పించలేదు. కోర్టు రికార్డు తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడ ఉన్నామని చెప్పారో వరుసగా పట్టిక వేశాడు. సాక్షి చూసిన మనిషి లిండ్లీ కావడానికి వీల్లేదని ఆ కాగితాల్లోనే ఉంది. కాని విచారణలో ఎవరూ చూడలేదు. ఆయన పై అధికారులకు రాశాడు, మరణశిక్ష యావజ్జీవంగా కమ్యూట్ అయింది. కమ్యుటేషన్ అనగానే మనకు పెన్షన్‌లో కోత గుర్తొస్తుంది. ఆ మాటకు ఒకరి ప్రాణం నిలిచిందంటే దానిమీద నాకు కొంచెం కోపం తగ్గింది.

మిత్రులారా, ఆ పని ఎవరి పనో ఆలోచించండి. రికార్డు ఓపికగా చదవడం, తేదీలు, వేళలు పక్కపక్కన వేసి చూడడం, సరైన అధికారికి సరైన అర్జీ రాయడం. అది మన పని! జీవితమంతా మనం చేసినది అదే.

మన రాజ్యాంగంలో 39ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతుంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987లో చేశారు, 1995 నవంబరు 9 నుంచి అమలైంది. దాని ప్రకారం కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ప్లీడర్ని ఇస్తారు. ఆ సంగతి బోనులో నిలబడ్డవాడికి చెప్పేవారు కావాలి. 2009లో జాతీయ న్యాయ సేవల సంస్థ పారా లీగల్ వాలంటీర్ల పథకం పెట్టింది. అందులో రిటైరైన ప్రభుత్వోద్యోగులు కూడా చేరవచ్చునని స్పష్టంగా ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి, శిక్షణ ఇస్తారు. ప్లీడరుగిరీ చేయమని కాదు. ప్లీడరు దొరికేచోటికి మనిషిని తీసుకెళ్లమని, అర్జీ రాసి పెట్టమని, అంతే.

చివరగా టైపిస్టుల కోసం ఒక పుస్తకం పేరు చెప్పి ముగిస్తాను. "ది కేస్ ఆఫ్ ది టెర్రిఫైడ్ టైపిస్ట్", 1956లో వచ్చింది. ఒక అమ్మాయి భయంభయంగా మేసన్ ఆఫీసుకు వచ్చి, ఒక్క తప్పు లేకుండా మెరుపులా టైపు చేసి, చెప్పకుండా మాయమవుతుంది. జ్యూరీ మేసన్ కక్షిదారు దోషి అని తీర్పు చెప్పే అరుదైన నవల అది. ఆ తర్వాత ఏమైందో నేను చెప్పను. పుస్తకం నా దగ్గరుంది. కావలసినవారు సంతకం చేసి తీసుకెళ్లవచ్చు, గడువు పదిహేను రోజులు. న్యాయ సేవల సంస్థకు ఇవ్వవలసిన దరఖాస్తు నమూనా కూడా సిద్ధం చేసి కార్యదర్శిగారికి ఇచ్చాను. దానికి గడువు లేదు గాని, మన వయసుకు గడువు ఉంది గనుక త్వరపడమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.